మేకులన్నీ తవ్వాకే బంగారం

మన దగ్గర మెటల్ డిటెక్టర్ అనగానే రెండే గుర్తొస్తాయి. ఒకటి, మాల్ గుమ్మంలో సెక్యూరిటీ మనిషి చేతిలో కుయ్‌మనే కర్ర. రెండోది గుప్తనిధుల ముఠా: పాత గుడి వెనక అర్ధరాత్రి తవ్విన గొయ్యి, నిమ్మకాయలు, మర్నాడు పోలీసులు బల్ల మీద పరిచి చూపించిన సామాను. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో అదే పరికరం భుజాన వేసుకుని రిటైరైన మాస్టార్లు, ప్లంబర్లు, మొగుడూపెళ్లాలు పట్టపగలే అడవిలోకి వెళ్తారు. జేబులో సర్కారు ఇచ్చిన ‘మైనర్స్ రైట్’ అనే అనుమతి ఉంటుంది. ఒకసారి కొంటే పదేళ్లు చెల్లుతుంది. దొరికిన బంగారం దొరికినవాళ్లదే.

మెల్‌బోర్న్ నుంచి వాయవ్యంగా రెండు మూడు గంటలు కారులో వెళ్తే డునోలీ, టార్నగుల్లా, వెడర్‌బర్న్ లాంటి చిన్న ఊళ్లు వస్తాయి. ఆ ప్రాంతాన్ని గోల్డెన్ ట్రయాంగిల్ అంటారు. 1851లో విక్టోరియాలో బంగారం బయటపడి ప్రపంచం నలుమూలల నుంచీ జనం ఎగబడ్డారు. ఆ ప్రాంతంలోని మోలియాగుల్ దగ్గర 1869లో జాన్ డీసన్, రిచర్డ్ ఓట్స్ అనే ఇద్దరికి ఒక చెట్టు మొదట్లో, బెత్తెడు లోతైనా లేనిచోట, 70 కిలోలు దాటిన ముద్ద తగిలింది. డునోలీలో దాన్ని తూచే తక్కెడ లేక దాగలి మీద పెట్టి ముక్కలు కొట్టారు. ‘వెల్కమ్ స్ట్రేంజర్’ అని పేరుపడ్డ ఆ ముద్దను మించినది ఇప్పటిదాకా మరెక్కడా దొరకలేదంటారు.

ఇది చదివి కోలారుకో, అనంతపురం వైపు రామగిరికో డిటెక్టర్‌తో బయల్దేరాలనిపిస్తే ఆగాలి. అక్కడి బంగారం చాలావరకు రాతిలో కంటికి ఆనని రేణువులుగా ఉంటుంది. టన్నుల రాయి పిండి చేస్తేగానీ గ్రాముల్లో రాదు. అలాంటి రేణువులకు ఈ యంత్రం పలకదు. విక్టోరియాలో పలుగురాయి లోపల బంగారం ముద్దలుగా కూడా పేరుకుంది. లక్షల ఏళ్ల వానలకు రాయి అరిగి కొట్టుకుపోయింది. నీటికి 19 రెట్లు బరువున్న బంగారం మాత్రం పెద్దగా కదలక అక్కడక్కడే దిగబడింది. వేటంతా ఆ మిగిలిపోయిన పలుకుల కోసమే.

యంత్రం చేసే పని చెప్పడానికి తేలిక. కాయిల్‌లో కరెంటు పారితే అయస్కాంత క్షేత్రం పుడుతుంది. కింద లోహం ఉంటే దానిలోనూ చిన్న కరెంటు తిరిగి, అది తన క్షేత్రంతో బదులు పలుకుతుంది. చిక్కంతా నేలతోనే. అక్కడి ఎర్రమట్టిలో ఇనుము దండిగా ఉంటుంది, మట్టే పలికేస్తుంది. 1980లో కింగోవర్ దగ్గర కెవిన్ హిలియర్‌కు అడుగు లోతున 27 కిలోల ‘హ్యాండ్ ఆఫ్ ఫెయిత్’ దొరికింది పాత తరం మిషన్‌తోనే. కానీ చిన్న పలుకులు ఆ మిషన్లకు మట్టి రొదలో వినబడేవి కావు. 1990ల మధ్యలో అడిలైడ్‌కు చెందిన మైన్‌ల్యాబ్ కంపెనీ పల్స్ పద్ధతి మిషన్లు తెచ్చాక, తవ్వేశాం అనుకున్న గుట్టలన్నీ మళ్లీ పలకడం మొదలుపెట్టాయి. కరెంటును చటుక్కున ఆపేసి, మైక్రోసెకన్ల లెక్కన ఏ బదులు ఎలా చల్లారుతోందో వినడం ఈ పద్ధతి. మంచి మిషన్ పదివేల ఆస్ట్రేలియా డాలర్ల దాకా పలుకుతుంది. డబ్బుకు కొరత లేనివాళ్లు మొదట దీన్నే కొంటారు. నాకైతే అది తలకిందుల పనిలాగే తోస్తుంది.

ఎందుకంటే అసలు పనిముట్టు చెవి. తొలకరికి కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాలు ఏరేవాళ్లకు కళ్లే పెట్టుబడి. బంగారం వేటలో హెడ్‌ఫోన్‌లో ఎప్పుడూ ఒక సన్నని జుమ్మనే మోత ఉంటుంది, దాని మీద పడే ముడతలను పట్టుకోవాలి. ముందు కాయిల్‌ను పైకీ కిందికీ ఆడిస్తూ నేలకు మిషన్‌ను సరిచేసుకుంటారు. ఆ తర్వాత కాయిల్‌ను మట్టికి దాదాపు ఆనించి, నత్తనడకన, ఒక ఊపు మీద సగం మరో ఊపు పడేలా తిప్పుతారు. ఊపు చివర్లో చేయి రెండంగుళాలు పైకి లేచిందా, ఆ రెండంగుళాల లోతు పోయినట్టే. కొత్తవాళ్లకు ఓపిక చాలక లేచేది అక్కడే.

మోత కొంచెం వంగింది. మొదట బూటుతో పైమట్టి గీకి మళ్లీ వింటారు. శబ్దం జరిగిపోతే పైపైన పడి ఉన్న చెత్త అన్నమాట. ఉన్నచోటే ఉండి గట్టిపడితే పికాసు దిగుతుంది. పికాసుకు అంటించిన అయస్కాంతం ఇనపముక్కల్లో కొన్నిటిని ముందే లాగేస్తుంది. గొయ్యి మూగబోతే లక్ష్యం బయట కుప్పలోకి వచ్చినట్టు. అప్పుడు ప్లాస్టిక్ స్కూపుతో గుప్పెడు మట్టి తీసి కాయిల్ మీద ఆడిస్తారు. పలికితే సగం పారబోసి మళ్లీ ఆడించడం, అలా సగంలో సగం చేసుకుంటూ పోగా అరచేతిలో చిటికెడు ఎర్రమట్టి మిగులుతుంది. అందులో దుమ్ము కంటే బరువుగా దొర్లేది ఒకటుంటుంది. నూటికి తొంభైసార్లు అది నూరేళ్లనాటి మేకో, బూటు అడుగు రేకో, సీసం గుండో.

ఇనుమా కాదా చెప్పే మీట చాలా మిషన్లలో ఉంది. అనుభవజ్ఞులు దాన్ని నమ్మరు. ఇనపరాయి పక్కన, లోతులో, చిన్న బంగారం కూడా ఇనుములాగే వినబడవచ్చు. అందుకే పలికిన ప్రతిదీ తవ్వుతారు. నడుం విరిగే ఈ పద్ధతిని తప్పించే అడ్డదారి కోసమే మిషన్ల కంపెనీలు ఏటా కొత్త మోడల్ అమ్ముతాయని నా అనుమానం.

ఇక తిరగాల్సిన చోటు. పాతవాళ్లు గోతులు తవ్విన చోటు నడుమ వెతకడం కంటే, వాళ్లు ఆగిపోయిన అంచుల్లో వెతకడం మేలు. అది ఎక్కడో తెలియాలంటే 1850ల నాటి మనిషిలా వాలు చూడాలి, తెల్ల పలుగురాయి ముక్కలు ఎటు జారాయో చూడాలి, బురద కడిగిన గుండ్రటి కాలువలను గుర్తుపట్టాలి. వారాంతపు హాబీగా మొదలైనది కొందరికి పాత మ్యాపులు, గనుల రికార్డులు తిరగేసే పిచ్చిగా ముదురుతుంది. దీని విలువ అక్కడుందని నాకనిపిస్తుంది. బంగారంతో పెట్రోలు ఖర్చు వెళ్లదీసుకున్నవాళ్లు అదృష్టవంతులు. చాలా పలుకులు గ్రాములో పదోవంతు కూడా తూగవు.

నియమాలు ఖచ్చితం. చేతి పనిముట్లే వాడాలి, జేసీబీ కుదరదు. తవ్విన గొయ్యి పూడ్చాలి. జాతీయ పార్కులు చాలావరకు నిషిద్ధం, ప్రైవేటు నేల అయితే యజమాని ఒప్పుకోవాలి, ఆదివాసుల వారసత్వ స్థలాలను తాకకూడదు. మన దేశంలో ఇలాంటి వెసులుబాటు లేదు. భూమిలో దాచిన పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టర్‌కు తెలపాలని 1878 నాటి చట్టం అంటుంది. ఖనిజానికి వేరే చట్టం, వేరే లైసెన్సులు.

మెల్‌బోర్న్‌లో ఉన్న మనవాళ్లెవరైనా మొదలుపెడదామనుకుంటే చలికాలం మంచిది. ఎండాకాలం కార్చిచ్చు భయం, పైగా బ్రౌన్ స్నేక్‌లు. మూతలేని పాత గని గోతులు మాత్రం ఏ కాలంలోనైనా ఉంటాయి, కాబట్టి వెనక్కి నడవొద్దు. సెకండ్‌హ్యాండ్ మిషన్ చాలు. ముందు సీసం గుళ్లు నాలుగు తీసుకుని, ఇంటి కరెంటు తీగలకు దూరంగా ఏదైనా ఖాళీ జాగాలో ఒక్కోటి ఒక్కో లోతులో పూడ్చి, కళ్లు మూసుకుని వినడం నేర్చుకోండి. సీసం పలికే తీరు చిన్న బంగారానికి చాలా దగ్గర.