మూలన నిలబడ్డ మొగుడు

తెల్లవారింది. పిల్లలు స్కూలుకి తయారవుతున్నారు. అయ్యగారు యింకా పక్క దిగలేదు. యిల్లాలు తన రొట్టెమీది వెన్న కాస్తా గీకి, ఆయన రొట్టెకి రాస్తోంది.

ఎక్కడో చూసినట్టు లేదూ? కానీ యిది మన పక్కవాటా సంసారం కాదు. డెన్మార్కు దర్శకుడు కార్ల్ థియోడర్ డ్రెయర్ 1925లో తీసిన మూకీ చిత్రం. పేరుకి అర్థం ‘నీ భార్యను గౌరవించు’. యీమధ్య మా అమ్మాయి తన కంప్యూటర్లో పెట్టి చూపించింది. నూరేళ్ళనాటి మూగబొమ్మ, పది నిమిషాల్లో లేచిపోదాం అనుకుని కూర్చున్నాను. అయిపోయేదాకా లేవలేదు.

కథ చిన్నదే. విక్టర్ వ్యాపారం దెబ్బతింది. బయట పోయిన పెత్తనాన్ని యింట్లో చెలాయిస్తుంటాడు. గదిలో తడిబట్టలు ఆరేస్తే తప్పు. కుర్రాడి బూట్లు అరిగితే తప్పు, వాణ్ణి మూలన నిలబెడతాడు. భార్య ఐడా నోరెత్తదు. చివరికి ఆమె ఆరోగ్యం చెడుతుంది. చిన్నప్పుడు విక్టర్ని పెంచిన దాది మాడ్స్ అనే ముసలమ్మ, ఐడా తల్లి కలిసి ఆమెను పంపించేస్తారు. ఎక్కడికో అతనికి చెప్పరు. యిక యింటి తాళాలు మాడ్స్ చేతిలోకి వస్తాయి. అయ్యగారు బట్టలారేయాలి, పసివాడి గుడ్డలు మార్చాలి. ఆఖరికి ఆయనే మూలన నిలబడాలి!

పడీపడీ నవ్వాను. యిల్లంటే గోడలు కాదు, పనులు అని డ్రెయర్‌కి బాగా తెలుసు. స్టూడియోలోనే గ్యాసూ, నీళ్ళూ పనిచేసే ఫ్లాటు కట్టించాడట. పొయ్యికీ బల్లకీ మధ్య ఐడా ఎన్నిసార్లు తిరిగిందో మన కాళ్ళకి తెలుస్తుంది.

నవ్వు ఆగాక మాత్రం వొక ముల్లు మిగిలింది. విక్టర్‌కి యింటిపని శిక్షగా వచ్చింది. శిక్ష తీరాక? చివర్లో అత్తగారు కొత్త వ్యాపారానికి చెక్కు కూడా యిస్తుంది. మర్నాటినుంచి ఆ తడిబట్టలు ఎవరు ఆరేస్తారు? సినిమా చెప్పదు. పశ్చాత్తాపం చూపించి సరిపెట్టుకుంది. పైగా, అందరి యిళ్ళలోనూ మాడ్స్ వుంటుందా?

విచిత్రం ఏమిటంటే, అదే 1925లో డెన్మార్కులో వొక వివాహ చట్టం వచ్చింది. భార్యాభర్తలిద్దరూ సంసారాన్ని పోషించాలి; డబ్బు తేవడమే కాదు, యింట్లో చేసే పని కూడా పోషణే అన్నది. ఐడా చాకిరీకి సినిమా జాలి యిస్తే, చట్టం విలువ యిచ్చింది. 2022నుంచి అక్కడ ఉద్యోగాలు చేసే తల్లికీ తండ్రికీ బిడ్డ పుట్టాక చెరి 24 వారాల సెలవు. అందులో చెరి 11 వారాలు వొకరివి మరొకరికి బదలాయించడానికి వీల్లేదు. తండ్రి వాడుకోకపోతే ఆ వారాలు పోయినట్టే. ‘నీకే యిచ్చేశానులే’ అని భార్యకి దానం చేయలేడు!

చూశారా, యిక్కడ శిక్షా లేదు, సాయమూ లేదు. వాటా వుంది. చట్టం వచ్చినంతమాత్రాన ప్రతి విక్టరూ మారిపోతాడని నేననను. కానీ తప్పు చేసినవాడే పసివాడి గుడ్డలు మార్చాలన్న లెక్క మాత్రం తప్పిపోయింది.

సినిమా అయ్యాక, “మీ నాన్నగారు నయం, నాకు వంటింట్లో సాయం చేస్తారు” అన్నాను గొప్పగా.

“సాయమేమిటమ్మా? అన్నం నాన్న తినరూ?” అంది మా అమ్మాయి.

జవాబు తోచలేదు. యిన్నేళ్ళుగా నవలల్లో ఆ ‘సాయం’ చేసే భర్తలకి ఎన్ని మార్కులు వేశానో గుర్తొచ్చి, సిగ్గేసింది.