క్లాడ్ రెయిన్స్ వాచికాభినయము

ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని అభినయము నాలుగు విధములుగ నుండునని మన లాక్షణికులు చెప్పిరి. చలనచిత్రము కన్నులకొరకే పుట్టిన కళయని తలచువారు వీనిలో వాచికమునకు కడపటి స్థానము నిత్తురు. ఈ తలపు ఎంతవరకు నిలుచునో పరీక్షించుటకు ఆంగ్లనటుడు క్లాడ్ రెయిన్స్ (1889–1967) జీవితము తగిన నిదర్శనము.

రెయిన్స్ లండను నగరమున జన్మించెను. తండ్రి ఫ్రెడ్ రెయిన్స్ నటుడే. ఐనను బాలునకు అబ్బినది శ్రామికుల కాక్నీ యాస. దానికి తోడు మాట తడబాటు. నాటకశాలలో చిన్న పనులు చేయుచున్న ఈతని ప్రతిభను హెర్బర్ట్ బీర్బోమ్ ట్రీ గుర్తించి, ఉచ్చారణ శిక్షణకు ధనము నొసగెను. ప్రథమ ప్రపంచయుద్ధమున విషవాయువు సోకి ఈతని యొక కంటిచూపు దాదాపు పూర్తిగా పోయెను. పిదప లండనులోని రాయల్ నాటకవిద్యాలయమున బోధించెను. జాన్ గీల్గడ్, చార్లెస్ లాటన్ ఈతని శిష్యులు.

వెల్స్ నవల ననుసరించి జేమ్స్ వేల్ 1933లో తీసిన ‘ది ఇన్‌విజిబుల్ మ్యాన్’ ఈతనికి ప్రఖ్యాతి తెచ్చెను. అందు నాయకుని ముఖము కట్లలో దాగియుండును. కట్లు విప్పినచో శూన్యము. మరణక్షణమున మాత్రమే ముఖము కానవచ్చును. కట్లలోని దేహమును నటించుచునే యున్నది, నిజమే. కాని ఏకాంతము కోరు విసుగు అహంకారమై, అహంకారము ఉన్మాదమగు క్రమమును మనకు తెలుపునది కంఠమే.

ఈ కంఠము గర్జనలకు మాత్రమే తగినదనుట పొరపాటు. ‘కాసాబ్లాంకా’ (1942)లో లంచగొండియగు పోలీసు అధికారి రెనో పాపమునైనను పరిహాసముగనే పలుకును. జర్మనులకు లోబడిన ఫ్రెంచి ప్రభుత్వము విషీ పట్టణమున నెలకొన్నది. ఆ యూరి పేరుగల నీటిసీసాను చిత్రాంతమున రెనో చెత్తబుట్టలో పడవేయునపుడు క్షణకాలము మాట మానును. వేళాకోళపు నోరు మూతపడుటయే అతని మార్పునకు గుర్తు. హిచ్‌కాక్ ‘నొటోరియస్’ (1946)లో, తాను పెండ్లాడినది అమెరికా గూఢచారిణియని తల్లికి తెలుపుచు సెబాస్టియన్ కంఠము హెచ్చింపడు. ఆ తగ్గుస్వరము వలన ప్రేక్షకుడు ద్రోహియెడలను జాలిపడును.

ఉత్తమ సహాయనటునిగా అకాడమీ పురస్కారమునకు నాలుగుమారులు ప్రతిపాదింపబడియు రెయిన్స్ దానిని పొందలేదు. 1951లో ‘డార్క్‌నెస్ ఎట్ నూన్’ నాటకమునకు టోనీ పురస్కారము మాత్రము లభించెను.

ఈ విజయమునకు వెల లేకపోలేదు. నేర్చిన పలుకు ఈతనికి జీవిక నిచ్చెను. పుట్టిన వాడ పలుకునకు పైచిత్రములలో చోటు దొరకలేదు. శిక్షణను మెచ్చువారు ఈ నష్టమునుగూడ లెక్కింపవలెను. ఐనను నేర్చిన పలుకును అలంకారముగ గాక పాత్రహృదయమును తెలుపు సాధనముగ వాడుకొనుటయే రెయిన్స్ ఘనత. సహాయపాత్రలు ధరించియు నాయకులతో సమముగ ఈతడు స్మరింపబడుటకు కారణమిదియే.