బండికి ప్రాణము ఇరుసు

నల్లగొండ, మహబూబునగరు జిల్లాల చెల్క నేలలలో, అడుగడుగునకు ఱాయి తగులు బాటలపై ఏండ్లకొలది బరువు మోసిన యెద్దుబండిని చూచి ముసలిదైనదని పెదవి విఱుచువారు దాని నొగలను, పలకలను చూతురే గాని క్రిందికి వంగి ఇరుసును చూడరు. బండి ముసలితనమంతయు నచటనే యున్నది. ఋగ్వేదకాలమునందే ఇరుసును అక్షమనిరి. ఆంగ్లేయుల యాక్సిల్ ఆ మాటకు జ్ఞాతియే.

మోటారుకారులో చక్రములను నడుపు ఇరుసు వానితో కూడ తిరుగును. మన బండిలో ఇరుసు కదలక నిలువగా చక్రమే దాని చుట్టు తిరుగును. కావున భారమంతయు కొనల అడుగువైపుననే యొరసి, కాలక్రమమున నది గుండ్రదనము గోల్పోవును, చక్రమూగులాడును, కడచీల యరుగును, ఎడ్ల మెడలు పుండ్లు పడును. వెనుక నడచుచు చక్రము చప్పుడు విన్నంతనే ఏ కొన యరిగినదో చెప్పిన వృద్ధకమ్మరి నొకని నేనెఱుంగుదును. విప్పి చూడగా నాతని మాట రవ్వంతయు తప్పలేదు. ఆ చెవికి నేనీనాటికిని నమస్కరింతును!

ఇరుసు మార్చుట ఇద్దఱి పని. వడ్లాయన బండిని మొద్దులపై కెత్తి, కడచీలలు లాగి, చక్రములు విప్పి పాత ఇరుసు నూడదీయును. కమ్మరి క్రొత్త కడ్డీ కొనలను కొలిమిలో నెఱ్ఱగా కాల్చి, దాగలిపై త్రిప్పుచు, బయటికి పోనుపోను సన్నగిల్లునట్లు సమ్మెటతో సాగగొట్టును. పిమ్మట కొనకు మసి పూసి, చక్రము తొడిగి త్రిప్పి, మసి చెఱగిన చోటును మాత్రమే యాకురాతితో రాచును; ఇట్లు పదిమార్లయినను విసుగడు. రెండు కొనలు నొక్క సూటిలో నుండవలెను. ఒకటి గింజంత వంకరపోయినను బండి ప్రక్కకు లాగి, దాపటి యెద్దునో వెలపటి యెద్దునో బ్రతికినంతకాలము బాధించును. అందుకే దారము పట్టి, చక్రముల నడిమి యెడమును ముందువెనుకల కొలుతురు. కడపట కందెన. ఆముదము పండిన సీమ మనది. ఆముదమున గడ్డిమసి నూఱి పూసిన, ఇరుసు చల్లగా నుండును.

ఇప్పుడో! పట్టణపు కొట్లలో పాత లారీ యినుమును ముక్కలుగా నతికి, రంగు పూసి, ఇరుసని యమ్ముచున్నారు. అట్టిదొకటి నేను కొంటిని. ఏడాది తిరుగకమున్నే, వడ్లబస్తాల బరువుతో, వాగు నడుమ అతుకుకడ విఱిగినది. ఎద్దు మోకాలు చీరుకొనిపోయినది. చక్రమును కొలువక, బండిని చూడక చేసిన వస్తువును ఇరుసనుటకు నా నోరు రాదు. ఊరి కొలిమి చల్లారుటకు కమ్మరి సోమరితనము కారణము కాదు. మనము కొట్ల ఇరుసులు కొని యాతనికి పని యియ్యకపోవుటయే కారణము.

కురుమూర్తి జాతరకు, దురాజుపల్లి పెద్దగట్టు జాతరకు బండి కట్టు అన్నలారా! పాతబండిని కట్టెలక్రింద నమ్మకుడు. మీ యూర కొలిమి యింకను వెలుగుచున్నచో, ఈ యేడే ఇరుసు మార్పింపుడు; పనివాని ప్రక్కన మీ పిల్లవాని నొకని కూర్చుండబెట్టుడు.