కుక్క ముక్కుకు పని పెట్టండి

కొల్లేటి చుట్టుపక్కల బాతుల మందలు తోలేవాళ్ల వెంట ఒక రకం కుక్క తిరిగేది. సన్నటి ఒళ్లు, బాగా పొట్టి వెంట్రుకలు, ముడతలు పడ్డ నుదురు. పేరు జోనంగి. బాతులు చెదిరిపోకుండా చూడటం, రాత్రిపూట కాపలా కాయడం, అవకాశం దొరికితే చిన్నాచితకా వేట, ఇవీ దాని పనులు. ఎండ ముదిరితే నేలలో గుంత తవ్వుకుని చల్లటి మట్టిలో పడుకునేది. చేపల చెరువులు పెరిగి బాతుల పెంపకం తగ్గేసరికి జోనంగికి పని పోయింది. పెంచేవాళ్లూ తగ్గిపోయారు. ఆ జాతి అంతరించిపోకూడదని పట్టుబట్టి దాన్ని ఇళ్లలో పెంచుకుంటున్నవాళ్లు ఇప్పుడు కొందరున్నారు. అయితే పెరట్లో గులాబీ మొక్క వేళ్లతో సహా బయటపడ్డ రోజున వాళ్లకీ కోపం వస్తుంది. ‘ఇదేం అల్లరమ్మా’ అని కేకలేస్తారు.

జోనంగి చేసింది అల్లరి కాదు. తరతరాలుగా ఒంట్లో ఇంకిపోయిన విద్యను వాడుకోవడానికి దానికి దొరికిన చోటు ఆ గులాబీ మొక్క మొదలు ఒక్కటే. మన ఇళ్లలో ఉన్న లాబ్రడార్, బీగిల్, పగ్, వీధిలోంచి తెచ్చుకున్న మన దేశవాళీ కుక్క, అన్నిటి సంగతీ ఇంతే. గిన్నెలో పోసిన తిండి రెండు నిమిషాల్లో ఖాళీ చేస్తుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బెల్టు కట్టి కిందికి తీసుకెళ్తే పది నిమిషాల్లో పైకి వచ్చేస్తుంది. మిగిలిన రోజంతా నున్నటి టైల్స్ మీద గడపాలి. సోఫా చింపడం, కాలింగ్ బెల్ మోగితే ఇల్లు ఎగిరిపోయేలా అరవడం, తన పాదాలు తనే పుండు పడేదాకా నాకడం, వీటిలో చాలావాటి వెనక ఉన్నది ఈ ఖాళీయే. పాదాలు నాకడానికి చర్మవ్యాధి కూడా కారణం కావచ్చు కాబట్టి ముందు పశువైద్యులకు చూపించాలి. ఒంట్లో ఏమీ లేదని తేలాక చూడాల్సింది కుక్క దినచర్యనే.

జంతువుకు ఏదో ఒక పని కల్పించాలనే ఆలోచనను ముందుగా గట్టిగా పట్టుకున్నది జంతుప్రదర్శనశాలలవాళ్లు. 1970లలో అమెరికాలోని పోర్ట్‌ల్యాండ్ జూలో హాల్ మార్కోవిట్జ్ అనే శాస్త్రవేత్త, బోనుల్లో దిగాలుగా కూర్చున్న గిబ్బన్ కోతులు ఏదో ఒక పని చేసి తిండి సంపాదించుకునేలా ఏర్పాట్లు చేశాడు. కడుపు నింపితే సరిపోదు, ఆ కడుపు నింపుకునే పని కూడా జంతువుకే మిగల్చాలన్నది ఆయన పట్టుదల. అక్కడ మొదలైన పద్ధతులు మెల్లగా పెంపుడు కుక్కల దాకా వచ్చాయి.

మరి కుక్కకు సొంతమైన పనులేమిటి? కుక్కల ప్రవర్తనను అధ్యయనం చేసిన రేమండ్, లోర్నా కాపింజర్ దంపతులు కుక్కల వేటను ఒక వరసగా విడదీసి చెప్పారు. గమనించడం, చూపు నిలపడం, పొంచి నడవడం, తరమడం, నోట కరవడం, చంపడం, చీల్చడం, తినడం. మనుషులు ఈ వరసలోంచి తమకు కావలసిన ముక్కను పెంచి, అక్కర్లేనిదాన్ని తగ్గించి జాతులను తయారుచేశారు. గొర్రెలు కాసే బోర్డర్ కోలీ చూపు నిలిపి పొంచి నడుస్తుంది కానీ గొర్రెను కొరకదు. లాబ్రడార్‌కు నోట పట్టి తేవడమే పండగ. బీగిల్ ముక్కు నేలమీదే ఉంటుంది, పిలిస్తే వినపడదు. మీ కుక్క దేనికి పొంగిపోతుందో ఈ వరసలో వెతికితే, దానికి ఏ ఆట పెట్టాలో తెలిసిపోతుంది. చింపడం ఇష్టమైన కుక్కకు చింపడానికే ఏదైనా ఇవ్వాలి, బంతి ఇచ్చి లాభం లేదు.

కుక్కను అలసిపోయేదాకా పరిగెత్తిస్తే చాలనే మాట నేను ఒప్పుకోను. కోల్‌కతాలోని ఐసర్ పరిశోధన సంస్థలో అనిందిత భద్ర బృందం వీధికుక్కలు రోజంతా ఏం చేస్తాయో లెక్కగట్టి 2014లో ప్రచురించింది. చాలా సేపు పడుకునే ఉంటాయని, మొత్తమ్మీద బద్ధకంగా, స్నేహంగా ఉండే జీవులని తేల్చింది. తన ఇష్టప్రకారం బతికే కుక్క వాసన చూస్తుంది, కాస్త తిరుగుతుంది, ఏదో వెతుక్కుని తింటుంది, నీడలో పడుకుంటుంది. గంటసేపు ఆపకుండా బంతి వెంట పరిగెత్తే పని ఏ వీధికుక్కా పెట్టుకోదు. అలా రోజూ పరిగెత్తిస్తే ఆ కుక్క ఒంటికి మరింత పరుగు అలవాటవుతుంది, మనసుకు కుదురు రాదు.

కుదురు ముక్కులోంచి వస్తుంది. మన ముక్కులో వాసన పట్టే కణాలు యాభై, అరవై లక్షలుంటే కుక్క ముక్కులో ఇరవై కోట్లకు పైగా ఉంటాయి. ఆ నిర్మాణమే వేరు. కుక్క గాలిని ముందునుంచి పీల్చి, ముక్కుపుటాల పక్కనున్న చీలికల్లోంచి వదులుతుంది. అందువల్ల వదిలిన గాలి, కొత్తగా వచ్చే వాసనకు అడ్డం రాదు. పీల్చిన గాలి లోపల రెండు పాయలై ఒకటి ఊపిరితిత్తులకు, మరొకటి వాసన పట్టే గదికి వెళ్తుంది. జోరుగా పసిగట్టేటప్పుడు సెకనుకు ఐదుసార్లు పీలుస్తుంది. కరెంటు స్తంభం మొదట్లో అది ఆగినప్పుడు అక్కడికి ఎవరు వచ్చారు, మగదా ఆడదా, ఎంతసేపయింది, తనకు తెలిసినదేనా అన్నవన్నీ తెలుసుకుంటోంది. సరిగ్గా అప్పుడే మనం ఫోన్ చూసుకుంటూ బెల్టు లాగుతాం. పేపరు చదివేవాడి చేతిలోంచి పేపరు లాక్కున్నట్టే ఉంటుంది ఆ లాగుడు.

అందుకే వారంలో కొన్ని నడకలైనా పూర్తిగా కుక్కకే వదిలేయండి. మెడ బెల్టు బదులు ఛాతీకి పట్టీ వేసి, రెండు మూడు మీటర్ల పొడవున్న తాడు కట్టండి. ఎటు వెళ్లాలో, ఎక్కడ ఎంతసేపు నిలబడాలో అదే తేల్చుకుంటుంది. ఇరవై నిమిషాల్లో అపార్ట్‌మెంట్ గేటు దాటి నాలుగిళ్లు కూడా పోకపోవచ్చు. ఏమీ నష్టం లేదు. తిరిగొచ్చాక అది పడుకునే తీరు చూడండి, తేడా మీకే కనిపిస్తుంది.

ఇది పెంచుకునేవాళ్ల భ్రమేమోనని అనుమానం వస్తే ఒక ప్రయోగం గురించి చెప్పాలి. షార్లెట్ డ్యురాంటన్, న్యూయార్క్‌లోని బర్నార్డ్ కాలేజీకి చెందిన అలెగ్జాండ్రా హొరోవిట్జ్ కలిసి 2019లో దీన్ని ప్రచురించారు. 20 పెంపుడు కుక్కలను తీసుకున్నారు. ఒకచోట గిన్నె పెడితే అందులో తిండి ఉంటుందని, మరోచోట పెడితే ఖాళీగా ఉంటుందని ముందు వాటికి నేర్పారు. తర్వాత ఆ రెండిటికీ నడుమ గిన్నె పెట్టారు. తిండి ఉందో లేదో తెలియని గిన్నె అది. ఆశ ఉన్న కుక్క దాని దగ్గరికి త్వరగా వెళ్తుంది, లేనిది తటపటాయిస్తుంది. ఆ తర్వాత రెండు వారాలపాటు సగం కుక్కలు వాసన పట్టి తిండి వెతికే ఆట ఆడాయి. మిగిలిన సగం యజమాని పక్కనే అడుగులో అడుగు వేసి నడిచే శిక్షణ పొందాయి. రెండు జట్లకూ బహుమతిగా తిండి దొరికింది. మళ్లీ పరీక్షిస్తే, వాసన ఆట ఆడిన కుక్కలు నడిమి గిన్నె దగ్గరికి ఇంతకుముందుకన్నా త్వరగా వెళ్లాయి. రెండో జట్టులో మార్పు లేదు. తన ముక్కుతో తనే నిర్ణయం తీసుకునే వీలు దొరికిన కుక్కకు రేపటి మీద ఆశ పెరిగిందని నేను దీన్ని అర్థం చేసుకుంటాను.

ఆ ఆట ఇంట్లో ఎవరైనా ఆడించొచ్చు. రోజూ పెట్టే తిండిలోంచే గుప్పెడు తీసి పక్కన పెట్టుకోండి, అదనంగా పెడితే ఒళ్లు వస్తుంది. మొదట కుక్క చూస్తుండగానే నాలుగు పలుకులు నేలమీద వేసి ‘వెతుకు’ అనండి. ఆ మాటకు అర్థం ముక్కు కిందికి దించడమని నాలుగైదు పూటల్లో దానికి పట్టుబడుతుంది. తర్వాత గడ్డిలో చల్లండి. ఆ తర్వాత కుక్కను గది బయట ఉంచి కుర్చీ కాలి వెనక, కర్టెన్ మొదట్లో, చెప్పుల స్టాండు పక్కన దాచండి. లోపలికి వదిలాక దాని తోకనీ ముక్కునీ గమనించండి. గదిలో అడ్డదిడ్డంగా తిరుగుతున్న కుక్క ఒకచోట చటుక్కున తల తిప్పుతుంది. వాసన తగిలిందన్నమాట. ముక్కు అటూ ఇటూ ఊపుతూ వాసన చిక్కబడే వైపు జరుగుతుంది, తోక ఊపు వేగం మారుతుంది, పీల్చే చప్పుడు మీకు వినపడుతుంది. దొరికాక ఒకసారి ఒళ్లు దులుపుకుని మీ వైపు చూస్తుంది. ఆ చూపు కోసమే నేను ఈ ఆటకు బానిసనయ్యాను.

ఇందులో మనుషులకు కష్టమైన నియమం ఒకటుంది. వేలు చూపించకూడదు. మన వేలు ఎటు తిరిగితే కుక్క అటు చూస్తుందని 1998లో బ్రయాన్ హేర్ బృందం, ఆడమ్ మిక్లోషి బృందం వేర్వేరుగా చూపించాయి. 2003లో బుడాపెస్ట్ పరిశోధకులు ఇంకో అడుగు ముందుకేసి, తిండి ఒక గిన్నెలో ఉంచి వేలు ఖాళీ గిన్నె వైపు చూపించారు. కుక్కలు తమ ముక్కు చెబుతున్నదాన్ని పక్కన పెట్టి ఖాళీ గిన్నె వైపు వెళ్లిన సందర్భాలు కనిపించాయి. మనమీద వాటికంత నమ్మకం. కాబట్టి అది తడుముకుంటున్నా మీరు చేతులు కట్టుకుని నిలబడండి. మరీ విసిగితే తర్వాతిసారి సులువైన చోట దాచండి. ఇంకా ఆడాలని ఉండగానే ఆపేయండి.

పరికరాలకు వేలు తగలేయక్కర్లేదు. గుంతపొంగణాల పెనం గుంతల్లో పలుకులు వేసి, మధ్యమధ్యలో టెన్నిస్ బంతులు మూత పెడితే చక్కటి పజిల్. ఇనుప పెనమైతే బరువుకు జరగదు. పాత టవల్ పొరల్లో తిండి చల్లి చుట్టలా చుట్టి ఇస్తే విప్పుకుంటుంది. చిల్లుల రబ్బరు చాపకు పాత చీర పీలికలు దట్టంగా ముడేసి, వాటి మధ్య తిండి చల్లితే, షాపుల్లో అమ్మే వాసన చాపకు ఏమాత్రం తీసిపోదు. ఆన్‌లైన్‌లో సామాన్లు వచ్చిన అట్టపెట్టెకు పిన్నులు, టేపు తీసేసి లోపల నాలుగు పలుకులు వేసి ఇవ్వండి, హాయిగా చింపుతుంది. ముక్కలు మింగే అలవాటున్న కుక్కకు మాత్రం వద్దు.

తవ్వే కుక్కకు తొట్టిలో ఇసుక పోసి, అందులో దాని బొమ్మలు పాతిపెట్టండి. ఇక్కడ తవ్వొచ్చని తెలిస్తే గులాబీలు బతుకుతాయి. నమలడం, నాకడం కుక్కను నెమ్మదిపరుస్తాయి. చప్పటి పెరుగులో అరటిపండు మెదిపి పళ్లెంలో గడ్డకట్టించి ఇస్తే ఎండాకాలం మధ్యాహ్నం తీరుబడిగా నాకుతూ కూర్చుంటుంది. నమిలే వస్తువు మీద గోరు నొక్కితే కాస్తయినా దిగబడాలి. అంతకన్నా గట్టిదైతే పళ్లు విరుగుతాయి. ఉడికించిన ఎముకలు సూదుల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి, ఎంత ముద్దుగా అడిగినా పెట్టొద్దు. ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, జైలిటాల్ కలిపిన తీపి పదార్థాలు కుక్కకు విషం.

తిండి దొరకడం కన్నా సాధించడంలోనే సంతోషం ఉందని స్వీడన్‌లో బీగిల్ కుక్కల మీద చేసి 2014లో ప్రచురించిన పరిశోధన చెబుతోంది. ఒక్కో జతలో ఒక కుక్క మీట నొక్కో, బొమ్మ పియానో వాయించో బహుమతి దగ్గరికి దారి సంపాదించుకుంది. రెండోదానికి ఏం చేసినా చేయకపోయినా అంతే సేపటికి అదే బహుమతి దొరికింది. మొదటి రకం కుక్కలు తోకలూపుతూ పరీక్ష జరిగే గదిలోకి ఉరికేవి. రెండోరకానివి పోనుపోను లోపలికి రావడానికే వెనకాడాయి. మూడు పూటలా గిన్నె నింపి ప్రేమంతా చూపించామనుకునే మనం ఈ ఫలితం గురించి కాస్త ఆలోచించాలి.

మన ఎండల దగ్గర మాత్రం జాగ్రత్త తప్పదు. రొప్పుతున్న కుక్క వాసన సరిగ్గా పట్టలేదు, నోటితో గాలి పీల్చే పనిలో ముక్కు వెనకబడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామునే బయటికి తీసుకెళ్లాలి, తారు రోడ్డు మీద మీ అరచేయి కాసేపు ఆనించలేకపోతే దాని పాదమూ ఆనించకూడదు. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలు వేడిని బొత్తిగా తట్టుకోలేవు. గడ్డిలో తిరిగొచ్చాక చెవుల వెనక, కాలివేళ్ల సందుల్లో గోమార్లు చూడాలి. కుక్కపిల్లలకు టీకాలు పూర్తయ్యేదాకా ఆటలన్నీ ఇంట్లోనే. రెండు కుక్కలుంటే తిండి ఆటలు వేర్వేరు గదుల్లో పెట్టండి, లేకపోతే కొట్లాటలవుతాయి.

ముసలి కుక్కల గురించి ఎవరూ అడగరు, కానీ ఈ పద్ధతితో ఎక్కువ మేలు పొందేది అవే. మోకాళ్లు అరిగి మెట్లు దిగలేని కుక్కకు, చూపు మందగించిన కుక్కకు, చెవులు వినపడని కుక్కకు కూడా ముక్కు చాలావరకు మిగిలి ఉంటుంది. జారని చాప పరిచి, తల వంచితే అందేంత ఎత్తులోనే, ఘాటుగా వాసన వచ్చే ఉడికించిన కోడిమాంసం ముక్కలు దాచండి. ఉప్పూ కారం వేయకుండా, ఎముక లేకుండా. మంచినీళ్లు పక్కనే ఉంచండి. రోజుకు రెండుసార్లు, ఐదేసి నిమిషాలు చాలు. బయటికి తీసుకెళ్లలేకపోతే బయటినే లోపలికి తెచ్చిపెట్టొచ్చు. పార్కులో రాలిన ఆకులు, కొబ్బరి పీచు, వానకు తడిసిన కొమ్మముక్క అట్టపెట్టెలో వేసి దాని ముందు పెట్టండి. అది ఎంతసేపు వాసన చూస్తే అంతసేపూ ఆ పెట్టె అక్కడే ఉండనివ్వండి.