బిళ్ళగన్నేరు ఆకు, కాలి నరం

మంథనిలో మా వాడకట్టున బిళ్ళగన్నేరును ఎవరూ నాటరు. గింజ రాలి, గోడ పగుళ్ళలో కూడా మొలుస్తుంది. షుగరున్న పెద్దవాళ్ళు పొద్దుగాల పరగడుపున నాలుగాకులు తుంచి నములుతారు. "చేదుంటది గని షుగర్ దిగుతది బిడ్డా" అంటుంది పక్కింటి అవ్వ. ఇంటర్ పిల్లలకు నరాల పాఠం చెప్పేదాన్ని కదా, ఆ మాట వినగానే నా చూపు ఆమె పాదాల మీదికి పోతుంది.

జమైకాలోనూ ఈ ఆకు కషాయాన్ని షుగరుకు తాగేవారు. ఆ నమ్మకం నిజమేనా అని కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ ఎలుకల మీద చూశారు. తగ్గింది చక్కెర కాదు, తెల్లరక్తకణాలు. అలా 1958లో విన్‌బ్లాస్టిన్ లోకానికి తెలిసింది. ఆ వెనకే ఇదే మొక్క నుంచి విన్‌క్రిస్టిన్ వచ్చింది. పిల్లల రక్తక్యాన్సర్‌కు నేటికీ వాడే మందు అది.

ఈ మందు పట్టుకునేది ట్యూబులిన్ అనే ప్రోటీన్‌ని. ట్యూబులిన్ జంటలు సాధారణంగా 13 వరుసలుగా చేరి, 25 నానోమీటర్ల వెడల్పున్న బోలుగొట్టం కడతాయి. అదే మైక్రోట్యూబ్యూల్. దాని కొస పెరుగుతూ పెరుగుతూ ఉన్నట్టుండి విడిపోతుంది, మళ్ళీ పెరుగుతుంది. నరకణపు పొడవాటి పోగులోనూ ఈ గొట్టాలే ఉంటాయి.

నడుము దగ్గర మొదలై కాలివేలి దాకా పోయే నరకణం పొడవు దాదాపు మీటరు. వేలికొసకు కావలసిన సరుకులో చాలాభాగం ఈ గొట్టాల మీదుగానే పోవాలి. మోసే ప్రోటీన్ కైనెసిన్. అడుగుకు 8 నానోమీటర్లు, అడుగుకో ఏటీపీ అనే ఇంధన అణువు ఖర్చు. మీటరు దూరానికి లెక్కేస్తే 12 కోట్ల అడుగులు దాటతాయి. ఒక్క కైనెసిన్ అంత దూరం పోదు, దారిలో సరుకు చేతులు మారుతుంది. గొట్టం దెబ్బతింటే ముందు నష్టపోయేది ఆ చివరి కొసే. అందుకే ట్యూబులిన్‌ని పట్టుకునే విన్‌క్రిస్టిన్ ఎక్కించుకున్నవారికి తిమ్మిర్లు వేళ్ళ కొసల్లో మొదలవుతాయి. షుగరు నరాలను దెబ్బతీసినప్పుడూ అంతే, ముందు కాలివేళ్ళే మొద్దుబారతాయి.

ఆకులో విన్‌క్రిస్టిన్ అతి స్వల్పమే. కానీ ఏ ఆకులో ఏది ఎంతుందో నమిలేవారికి తెలిసే దారి లేదు. షుగరు తాకిడికి గురవుతున్న నరాల మీద ఇంకో అనుమానం ఎందుకు? అవ్వకు నేను చెప్పేదొక్కటే: డాక్టరు రాసిన గోళీలు మానొద్దు, ఏడాదికోసారైనా పాదాల స్పర్శ పరీక్ష చేయించుకో. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగును అరికాలికి ఆనించి చూస్తారు. నొప్పి ఉండదు, నిమిషాల్లో అయిపోతుంది.