పరాయి బాణీలో సొంత నుడి

న్యాల్‌కల్ బీదరుకు ఆనుకొని ఉన్న సరిహద్దు మండలం. ఇక్కడి భజనల్లో సినిమా బాణీకి దేవుని పాట కట్టి పాడడం చిన్ననాటి నుంచి వింటున్నదే. బాణీ ఎక్కడిదని ఎవరూ అడగరు; మాట అతికిందా లేదా అనే చూస్తారు. గేయవిమర్శ మాత్రం బాణీ అరువుదని తెలియగానే దానిని అనుకరణగా పక్కన పెడుతుంది. ఈ తీర్పును పరీక్షించడానికి మెక్సికో తొలితరం రాక్ అండ్ రోల్ బృందం లోస్ టీన్ టాప్స్ పాటలు మంచి ఆధారం.

ఎన్రికే గుస్మాన్ గాయకుడుగా ఉన్న ఈ బృందం 1960 ప్రాంతంలో అమెరికన్ పాటలను స్పానిష్‌లో పాడి పేరు పొందింది. లిటిల్ రిచర్డ్ పాడిన ‘గుడ్ గాలీ మిస్ మాలీ’ వీరి చేతిలో ‘లా ప్లాగా’ అయింది. ప్లాగా అంటే తెగులు, పీడ. మాలీ అనే పేరు పోయి ఒక ముద్దుతిట్టు వచ్చింది. తల్లిదండ్రుల మందలింపు మూలంలోనూ ఉన్నది. అయితే స్పానిష్ కుర్రవాడు వారిని ‘హెఫెస్’ అంటాడు, అంటే పైఅధికారులు. ఆ పిల్లతో కనబడితే వాడికి దక్కకుండా పోయేది ‘దొమింగో’. నిఘంటువులో అది ఆదివారం. మెక్సికన్ ఇళ్లలో వారానికొకసారి పిల్లల చేతిలో పెట్టే డబ్బు. ఈ మాట మూలంలో లేదు, అనువాదం వల్ల వచ్చేదీ కాదు. ‘బోనీ మరోనీ’లో సన్నని పిల్లకు మాకరోనీతో పోలిక. దాని స్పానిష్ రూపమైన ‘పొపోతీతోస్’లో ఆ స్థానాన్ని పానీయం పీల్చుకునే స్ట్రా ఆక్రమించింది. నష్టమూ లేకపోలేదు: లిటిల్ రిచర్డ్ పాటలోని శృంగారధ్వని ‘లా ప్లాగా’లో వట్టి నాట్యాసక్తిగా పలచబడింది.

ఇంతటి మార్పుకు ఛందస్సూ ఒక కారణం. ఆంగ్లంలోని ఏకాక్షరపదాలు హల్లుతో తెగి దెబ్బ వేస్తాయి. స్పానిష్ పదాలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, పొడవుగానూ ఉంటాయి. అజంతమైన మన భాషకూ ఇదే చిక్కు. పంక్తికి పంక్తి బాణీలో ఇమడదు కనుక సన్నివేశాన్నే మళ్ళీ ఊహించుకోవలసి వస్తుంది.

తెలుగులో దీనికి పోలికగా తోచేది డబ్బింగ్ పాట. తొలి అనువాద చిత్రం ‘ఆహుతి’ 1950లో వచ్చింది. హిందీ ‘నీరా ఔర్ నందా’కు అది తెలుగు రూపం, మాటలు, పాటలు శ్రీశ్రీవి. ‘మహాప్రస్థానం’ పుస్తకంగా వెలువడినదీ ఆ సంవత్సరమే. ఆ కావ్యపు మాత్రాగతులకు దక్కిన శ్రద్ధలో కొంతైనా ఈ పాటలకూ దక్కవలసింది. ఎందుకంటే డబ్బింగ్ కవికి మరొక సంకెల ఉంది: తెరమీద పెదవులు కలిసినచోట ప, బ, మ వంటి ఓష్ఠ్యం పడాలి. గుస్మాన్ బృందానికి ఆ నిర్బంధం లేదు. వారి స్వేచ్ఛతో డబ్బింగ్ కవిని కొలవడం అన్యాయం. వారికి సరిజోడు మా సరిహద్దు భజనే. అక్కడ తెర లేదు, పెదవుల లెక్క లేదు. బాణీ ఒక్కటే కొలత. అందుచేత భజనపాటలను సేకరించే పరిశోధకులు సాహిత్యంతోపాటు ఏ సినిమా బాణీకి కట్టారో కూడా రాసుకోవాలి. ఆ వివరం లేకపోతే ఏ మాట ఎందుకు పడిందో చెప్పడానికి వీలుండదు.