చిత్తురేఖ – ప్రతికృతి

చిత్రమును ప్రశంసించునపుడు మనము రేఖను మెచ్చుకొందుము గాని, ఆ రేఖ ఎవరి చేతిదో, రచన యందలి ఏ దశకు చెందినదో విచారించుట అరుదు. ఈ విచారణ లేని ప్రశంస నిలువదని నా అభిప్రాయము.

నవ్యసంప్రదాయ చిత్రకారులలో అగ్రగణ్యుడగు జాక్ లూయీ డేవిడ్ (1748–1825) మూర్తిని మొదట నగ్నముగా గీచి, అవయవముల నిలుకడ కుదిరిన పిమ్మట వస్త్రములు తొడుగుచుండెను. ఫ్రెంచి ప్రజాప్రతినిధులు 1789 జూన్ 20న చేసిన టెన్నిస్ కోర్టు ప్రతిజ్ఞను గూర్చి అతడు తలపెట్టిన మహాపటము పూర్తి కాలేదు. 1791లో ప్రదర్శించిన సిరా చిత్రమున ప్రతినిధులు దుస్తులు ధరించియున్నారు. వెర్సాయిలోని అసంపూర్ణ పటమున దేహములు నగ్నములు. కొన్ని ముఖములకు మాత్రమే వర్ణము పడినది. ముఖములు ఆనాటి ఫ్రెంచివారివి. దేహములు ప్రాచీన గ్రీకు శిల్పములను తలపించును. మనిషి ముఖముచేత వ్యక్తి, దేహముచేత ఆదర్శము అను భావము పటము పూర్తియైనచో దుస్తుల మాటున దాగియుండెడిది. కావున చిత్తు కేవలము మెట్టు కాదు, అది సాక్ష్యము.

ఇక మన నగరమునకు వత్తము. నాంపల్లి పబ్లిక్ గార్డెన్సులోని రాష్ట్ర మ్యూజియమునకు సయ్యద్ అహ్మద్, మహమ్మద్ జలాలుద్దీనులు రచించిన అజంతా ప్రతికృతులు కలవు. అజంతా చిత్రకారుడును మొదట ఎఱ్ఱని గైరికముతో ఆకృతిని గీచి, వర్ణములు నింపి, తుదకు ముదురురేఖతో దానిని మరల నిర్ణయించెను. ఆ రెండు రేఖల నడుమ జరిగిన సవరణయే అతని ఆలోచన. ప్రతికృతికారుడు గోడపై మిగిలిన తుదిరేఖతో ఆరంభించును. అతని శ్రద్ధ గొప్పది. శిథిలమగుచున్న రూపమును అది మనకు నిలిపినది. కాని నాంపల్లిలో మనము మెచ్చు రేఖ కొంతవఱకు అతని చేతిదే. ఆబిడ్సు కాలిబాటలపై ఆదివారమునాడు అమ్మెడి పాత పుస్తకములలోని అచ్చుబొమ్మ మూలమునకు ఇంకను దూరము. అందు పటము పరిమాణమును, చేతి ఒత్తిడియును తెలియరావు.

తాళపత్రములను పరిష్కరించు మనకు ఈ భేదము క్రొత్తది కాదు. లేఖకుని పాఠాంతరము వేఱు. కవి స్వహస్తముతో కొట్టివేసి దిద్దుకొన్న చిత్తు వేఱు. మొదటిది గ్రంథము నడచిన దారిని చెప్పును. రెండవది గ్రంథము పుట్టిన తీరును చెప్పును. నాంపల్లి ప్రతికృతి మొదటి కోవకును, వెర్సాయి పటము రెండవ కోవకును చెందును. ఒకదానిని రెండవదానివలె చదువుట విమర్శకుని దోషము.

ఈ విషయము మన పరిశోధనకును వర్తించును. ఆధునిక కవుల కాగితములను సేకరించు విద్యార్థులు శుద్ధప్రతి దొరకగానే తృప్తి చెందరాదు. కొట్టివేతలున్న చిత్తుకాగితమును మొదట భద్రపఱుపవలెను. కవి ఏది వదలుకొనెనో అది మఱియెచ్చటను దొరకదు.